విజయనగరంలో ఉంటూనే ఐఆర్‌ఎస్‌ఈ సిగ్నలింగ్ పరీక్షకు సిద్ధం కావడం ఎలా

ఐఆర్‌ఎస్‌ఈ పరీక్ష రాస్తున్నానని మన వైపు ఎవరితో అన్నా, యూపీఎస్సీ ద్వారా ఎంపికలు జరిగిన రైల్వే సివిల్ ఇంజినీర్ల సర్వీసు గురించి చెబుతున్నామని అనుకుంటారు. అక్షరాలు ఒకటే గాని రెండింటికీ సంబంధం లేదు. ఇక్కడ చెప్పబోయేది లండన్ కేంద్రంగా 1912 నుంచి నడుస్తున్న ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ రైల్వే సిగ్నల్ ఇంజినీర్స్ నిర్వహించే వృత్తి పరీక్ష గురించి. ఇది ఉద్యోగం ఇచ్చే పరీక్ష కాదు. ఇప్పటికే సిగ్నలింగ్ డిజైన్, టెస్టింగ్, మెయింటెనెన్స్ పనుల్లో ఉన్న ఇంజినీరుకు తన పని ఎంతవరకు అర్థమైందో తేల్చి చెప్పే పరీక్ష. బెంగళూరు, హైదరాబాద్ డిజైన్ ఆఫీసుల్లో పనిచేస్తూ విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఇంటి నుంచి చదువుకునే వారిని, మన జిల్లాల ఇంజినీరింగ్ కళాశాలల నుంచి ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన వారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందుగా ఏం రాయాలో తేల్చుకోండి

పరీక్షలో నాలుగు మాడ్యూళ్లు ఉంటాయి. మాడ్యూల్ ఏ పునాది అంశాలది. అది ఒక్కటి ఉత్తీర్ణులైనా ఒక సర్టిఫికెట్ వస్తుంది. బి, సి, డి కూడా పూర్తి చేసినవారికి అడ్వాన్స్‌డ్ డిప్లొమా లభిస్తుంది. సీనియర్లు ఏడు మాడ్యూళ్ల గురించి చెబితే అది పాత పద్ధతి అని గుర్తించండి. వారి నోట్సు పనికొస్తాయి గాని వారి ప్రణాళిక పనికిరాదు. సిలబస్, గడువు, ఫీజు, పరీక్ష రాసే విధానం మాత్రం ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి. మొదటి ఏడాది ఏ మాడ్యూల్‌తో ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పునాది గట్టిపడకుండా మిగతా వాటికి దిగినవారు రెండేళ్లలో చేయవలసిన పనిని నాలుగేళ్లకు సాగదీసుకోవడం నేను చూశాను.

పరీక్ష ఏడాదికి ఒక్కసారే, శరదృతువులో వస్తుంది. అంటే మన ఊళ్లో దసరా, పైడితల్లమ్మ సిరిమానోత్సవం సందడి మొదలయ్యే రోజులకు అటూఇటూగా పడుతుంది. ఆ వారాల్లో ఇంటి నిండా చుట్టాలు ఉంటారు కాబట్టి చదువంతా వినాయక చవితి నాటికే ముగించి, ఆపైన పాత ప్రశ్నలు గడియారం పెట్టుకుని రాయడం తప్ప మరో పని మిగలకుండా చూసుకోండి. సంక్రాంతి దాటగానే మొదలుపెట్టిన వారికి ఇది కష్టం కాదు.

ఏమి చదవాలి, ఎలా చదవాలి

సంస్థ వెబ్‌సైటులో పాత ప్రశ్నపత్రాలు, వాటి మీద పరీక్షకుల వ్యాఖ్యలు దొరుకుతాయి. చాలామంది ప్రశ్నపత్రాలు దించుకుని వ్యాఖ్యలను వదిలేస్తారు, నిజానికి వ్యాఖ్యలనే ముందు చదవాలి; అభ్యర్థులు ఎక్కడ మార్కులు పోగొట్టుకుంటున్నారో అందులో సూటిగా ఉంటుంది. పునాది కోసం సికింద్రాబాద్‌లో 1957లో ఏర్పడిన ఇరిసెట్ (భారతీయ రైల్వే సిగ్నల్, టెలికాం శిక్షణ సంస్థ) వారి శిక్షణ నోట్సు చాలు. ట్రాక్ సర్క్యూట్ (పట్టాల్లో కరెంటు పంపి లైను మీద రైలు ఉందో లేదో కనిపెట్టేది), పాయింట్ మెషిన్ (రైలును ఒక లైను నుంచి మరోదానికి మళ్లించే పాయింట్లను కదిపేది), రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి), బ్లాకు పరికరం (రెండు స్టేషన్ల మధ్య ఒకసారి ఒక రైలే ఉండేలా చూసేది), ఇంటర్‌లాకింగ్ (పాయింట్లు, సిగ్నళ్లు ఒకదానికొకటి విరుద్ధంగా పడకుండా కట్టడి చేసేది) గురించి అంత సులభంగా చెప్పినవి వేరే వెతకనక్కర్లేదు. అయితే ఇరిసెట్ నోట్సు మన రైల్వే ఆచారాన్ని చెబుతాయి గాని, ఆ ఆచారం వెనుక ఉన్న కారణాన్ని ప్రతిచోటా చెప్పవు. పరీక్ష అడిగేది ఆ కారణాన్నే.

అందుకే ఒక లావుపాటి నోట్‌బుక్ తీసుకుని ప్రతి పేజీని మూడు గడులుగా గీసుకోండి. మొదటి గడిలో మన నియమం, రెండో గడిలో దాని కారణం, మూడో గడిలో అదే అవసరాన్ని బ్రిటన్‌లో ఎలా తీరుస్తారన్నది రాయాలి. ఓవర్‌ల్యాప్‌నే తీసుకోండి. మన మల్టిపుల్ ఆస్పెక్ట్ సిగ్నలింగ్‌లో (సిగ్నల్ చూపే ఒక్కో రంగు సూచన ఒక ఆస్పెక్ట్) స్టాప్ సిగ్నల్ దాటాక 120 మీటర్లు ఖాళీగా ఉండాలి. బ్రిటన్‌లో సాధారణంగా 180 మీటర్లు. ఈ అంకెలు రాసి ఊరుకుంటే జవాబు కాదు. డ్రైవరు బ్రేకును కొద్దిగా తప్పు అంచనా వేసినా, పట్టాలు తడిసి చక్రాలు జారినా, రైలు సిగ్నల్‌ను కొంచెం దాటి ఆగినప్పుడు అక్కడ ఇంకో రైలు ఉండకూడదన్నది అసలు కారణం. ఆ కారణం తెలిసినవాడు అంకె ఎందుకు మారిందో, ఎప్పుడు తగ్గించవచ్చో కూడా చెప్పగలడు. రైలును లూప్ లైనులోకి (మెయిన్ లైను నుంచి పక్కకు తీసి నిలిపే లైను) తీసుకునే సందర్భం మరో ఉదాహరణ. మన దగ్గర ముందే హెచ్చరించే డిస్టెంట్ సిగ్నల్ రెండు పసుపులు చూపి, స్టేషను ముంగిట ఉండే హోమ్ సిగ్నల్ పసుపుతో పాటు ఏ దారో తెలిపే రూట్ ఇండికేటర్ చూపుతుంది. బ్రిటన్‌లో చాలాచోట్ల జంక్షన్ సిగ్నల్‌ను రైలు దగ్గరికి వచ్చేదాకా ఎరుపులోనే ఉంచి, వేగం తగ్గిందని నమ్మకం కలిగాకే వదులుతారు. పద్ధతులు రెండు, భయం ఒక్కటే: మెయిన్ లైను వేగంతో డ్రైవరు పాయింట్ల మీదికి రాకూడదు.

జవాబులో మీ రైల్వే ఆచారాన్నే అనుసరించవచ్చు, కాని ఏ ఆచారం అనుసరిస్తున్నారో మొదటి వాక్యంలోనే చెప్పాలి. సగం మన పద్ధతి, సగం వారి పద్ధతి కలిపి గీసిన ప్లాను కంటే పూర్తిగా మన పద్ధతిలో ఉన్నదే మేలు.

మన లైనే మీ ప్రయోగశాల

సిగ్నలింగ్ చదివేవారికి విజయనగరం జంక్షన్ దొరకడం అదృష్టం. హౌరా–చెన్నై ట్రంకు లైను, రాయగడ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే లైను ఇక్కడే కలుస్తాయి. కొత్తవలసలో కిరండూల్ లైను విడిపోతుంది. నౌపడలో గుణుపూర్ శాఖ, బొబ్బిలిలో సాలూరు శాఖ ఉన్నాయి. శ్రీకాకుళం వారికైతే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషను చాలు. ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, ప్లాట్‌ఫారం అంచు దాటకుండా, ఫోటోలు తీయకుండా, కాగితం మీద రాసుకోండి. పట్టాల మీదికి దిగడం నేరం, ప్రమాదం కూడా. పైగా సిగ్నలింగ్ ఇంజినీరు చేయకూడని మొదటి పని అదే.

ఏం రాసుకోవాలి? మొదటి వారం కంటికి కనిపించే సిగ్నళ్ల పేర్లు మాత్రమే: ఇది రైలును బయలుదేరనిచ్చే స్టార్టర్, అది స్టేషను చివరిదైన అడ్వాన్స్‌డ్ స్టార్టర్, ఇది యార్డులో బండ్లు జరపడానికి వాడే షంటు, ఆ హోమ్ కింద చిన్నగా కనిపించేది రైలును జాగ్రత్తగా లోపలికి పిలిచే కాలింగ్ ఆన్. రెండో వారం, ఆటోమేటిక్ సిగ్నళ్లు (రైలు కదలికను బట్టి వాటంతటవే మారేవి) ఉన్న కొత్తవలస వైపు ఏదైనా స్టేషనులో కూర్చుని, రైలు దాటాక సిగ్నల్ ఎరుపు నుంచి పసుపుకు, రెండు పసుపులకు, ఆకుపచ్చకు ఎంతెంత సేపటికి మారిందో వాచీతో లెక్కించండి. హెడ్‌వే (ఒక రైలు వెనక మరో రైలు ఎంత వ్యవధిలో రాగలదు) అనే మాటకు అర్థం పుస్తకంలో పది పేజీలు చదివిన దానికంటే అక్కడ అరగంటలో తెలుస్తుంది.

దీనితో పాటు, రిటైరైన రైల్వే పెద్దలతో మాట్లాడండి. మన ఊళ్లలో వారికి లోటు లేదు. నాకు బ్లాకు పని నేర్పింది పార్వతీపురం వైపు సింగిల్ లైను రోజుల్లో పనిచేసిన ఒక స్టేషన్ మాస్టారు. “మాస్టారూ, లైన్ క్లియర్ అంటే ఏమిటండీ?” అని అడిగితే ఆయన, “నువ్వు అడుగుతావు బాబూ, అవతలివాడు ఇస్తాడు, ఇచ్చాక వాడి స్టేషన్ ముంగిట నీ రైలుకు చోటు ఖాళీగా ఉంచే బాధ్యత వాడిది” అన్నారు. బ్లాకు వర్కింగ్ మీద ఏ ప్రశ్న వచ్చినా నేను ఆ వాక్యంతోనే ఆలోచన మొదలుపెడతాను.

హెడ్‌వే లెక్క

చేతికి అలవాటైతే ఇది సులభంగా మార్కులు వచ్చే భాగం, అలవాటు లేకపోతే సమయమంతా తినేసే భాగం. గంటకు 108 కిలోమీటర్ల వేగం అనుకోండి. 3.6తో భాగిస్తే సెకనుకు 30 మీటర్లు. ఈ మార్పిడి మరచిపోవడమే ఎక్కువమంది చేసే తప్పు. బ్రేకు వల్ల సెకనుకు సెకనుకు 0.5 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుంటే, వేగం వర్గాన్ని ఆ తగ్గుదలకు రెట్టింపుతో భాగించినప్పుడు బ్రేకు దూరం 900 మీటర్లు వస్తుంది. డ్రైవరు సిగ్నల్‌ను ముందే చూడవలసిన దూరం 10 సెకన్ల లెక్కన 300 మీటర్లు, ఓవర్‌ల్యాప్ 180, రైలు పొడవు 400 అనుకుందాం.

మూడు ఆస్పెక్టుల పద్ధతిలో, వెనక రైలు డ్రైవరుకు ఎప్పుడూ ఆకుపచ్చే కనిపించాలంటే ముందు రైలు రెండు సిగ్నల్ ఖాళీలు దాటి, ఓవర్‌ల్యాప్‌ను కూడా పూర్తిగా వదిలి ఉండాలి. కాబట్టి దూరం 900కు రెట్టింపు 1800, దానికి 300, 180, 400 కలిపితే 2680 మీటర్లు. 30తో భాగిస్తే దాదాపు 89 సెకన్లు. నాలుగు ఆస్పెక్టులలో బ్రేకు దూరం రెండు ఖాళీల్లో సర్దుకుంటుంది గనుక సిగ్నళ్లు 450 మీటర్లకొకటి వస్తాయి, ముందు రైలు మూడు ఖాళీలు దాటాలి: 1350కి అవే 880 మీటర్లు కలిపితే 2230, అంటే దాదాపు 74 సెకన్లు. నాలుగో ఆస్పెక్టుతో మిగిలేది 15 సెకన్లే. దానికోసం సిగ్నళ్లు రెట్టింపవుతాయి. ఈ ఖర్చుకు ఆ 15 సెకన్లు తగునా అన్న చర్చను రెండు వాక్యాల్లో రాసినవాడిని పరీక్షకుడు ఇంజినీరుగా చూస్తాడు.

ఇప్పుడు లెక్కను తిరగేయండి. ప్రశ్నలో రెండు నిమిషాల హెడ్‌వే చాలునన్నారనుకుందాం. 120 సెకన్లలో రైలు 3600 మీటర్లు పోతుంది. అందులో 880 తీసేస్తే 2720, దానిలో సగం 1360. అంటే మూడు ఆస్పెక్టుల సిగ్నళ్ల మధ్య దూరం 900 కంటే తగ్గకూడదు, 1360 కంటే మించకూడదు. కింది హద్దు బ్రేకుది, పై హద్దు ట్రాఫిక్‌ది. ప్లాను మీద స్టేషన్లు, గేట్లు, వంతెనలు, వంపులు ఎక్కడున్నా ఈ రెండు హద్దుల మధ్యే సిగ్నల్‌ను జరుపుకోవాలి. పై హద్దుకు మరీ దగ్గరగా పెడితే రైళ్లు కొంచెం ఆలస్యమైనా ఆ ఆలస్యం వెనక రైలుకు అంటుకుంటుంది కాబట్టి కొంత వెసులుబాటు ఉంచామని రాయండి.

వాలును మరచిపోకండి. వందకు ఒకటి దిగుడు ఉంటే గురుత్వాకర్షణ వల్ల పైన అనుకున్న 0.5లో సుమారు 0.098 తగ్గి, అదే 900 మీటర్ల దూరం 1119 మీటర్లవుతుంది. కిరండూల్ లైను ఘాట్‌లో రైలు దిగుతుంటే చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ప్లాను గీయడం

మొదటిసారి నేను తప్పింది ఇక్కడే. కాగితం ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, స్కేలుతో అందంగా గీసుకుంటూ పోయాను. సగం ప్లాను పూర్తయ్యేసరికి సమయం అయిపోయింది, కుడి వైపు లూప్ స్టార్టర్‌కు ఓవర్‌ల్యాప్‌కు చోటే మిగల్లేదు. ఆ తర్వాత క్రమం మార్చుకున్నాను. ముందు ట్రాఫిక్ గురించి ఇచ్చిన వివరణను రెండుసార్లు చదివి, ఏ రైలు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఇంజను మారుతుందో, ఏ లైనులో రెండు వైపులా రైళ్లు నడుస్తాయో గీత గీసుకోవాలి. తర్వాత హెడ్‌వే లెక్క. ఆ తర్వాత పాయింట్లను కాపాడే సిగ్నళ్లు, ప్లాట్‌ఫారం చివరి సిగ్నళ్లు. వీటిని కదపడానికి వీలుండదు. చివరికి వాటి మధ్య ఖాళీల్లో మిగతా సిగ్నళ్లు నింపాలి. అందం అక్కర్లేదు, పెన్సిలుతో స్పష్టంగా ఉంటే చాలు.

కంట్రోల్ టేబుల్

ఒక్కో సిగ్నల్ ఇవ్వడానికి ముందు ఏమేమి రుజువు కావాలో చెప్పే పట్టిక ఇది, మన ఆఫీసుల్లో దీన్ని సెలక్షన్ టేబుల్ అంటాం. రోజూ సాఫ్ట్‌వేరుతో నింపేవారికి ఇది తెలిసిన పనే అనిపిస్తుంది, కాని పరీక్షలో ఖాళీ కాగితం మీద గడులు మీరే వేసుకోవాలి. హోమ్ సిగ్నల్ నుంచి లూప్ లైనుకు ఒక రూట్ తీసుకుని, గడి గడికీ “ఇది లేకపోతే ఏమవుతుంది?” అని అడుగుతూ పోండి. పాయింట్లు రివర్సులో (లూప్ వైపు) ఉండి లాక్ అయ్యాయని ఎందుకు రుజువు కావాలి? పాయింటు బ్లేడు (కదిలే పట్టా) కొంచెం తెరుచుకుని ఉన్నా చక్రం తప్పు దారి పడుతుంది. దారిలో లేని పాయింట్ల ప్రస్తావన ఎందుకు? పక్క లైను బండి జారి మన దారికి అడ్డం రాకుండా ఐసొలేషన్ కోసం. ట్రాక్ సర్క్యూట్లన్నీ క్లియర్‌గా ఎందుకు? ఎదురు రూట్లు ఎందుకు లాక్ కావాలి? గేటు ఉంటే అది మూసి ఉండటం ఎందుకు ముందే రుజువు కావాలి? చివరగా అప్రోచ్ లాకింగ్: సిగ్నల్ ఇచ్చి, రైలు దగ్గరపడ్డాక సిగ్నల్ వెనక్కి తీసుకున్నా పాయింట్లు వెంటనే కదలకుండా మన దగ్గర 120 సెకన్ల వ్యవధి ఉంటుంది. ఈలోగా రైలు ఆగిపోవాలి, లేదా దాటిపోవాలి. మూడోది ఏదీ జరగకూడదు.

ఇలా పది రూట్లు చేస్తే పదకొండోది చూడకుండా వస్తుంది. వారానికి రెండు రూట్లు చాలు, కాని కాగితం మీద, చేత్తో.

ప్రమాదాలను పాఠాలుగా చదవడం

భద్రత ప్రశ్నల్లో సంవత్సరం, మృతుల సంఖ్య రాస్తే మార్కులు రావు. ఏ రక్షణ ఎందుకు విఫలమైందో, తర్వాత ఏం మారిందో రాయాలి. 1889లో ఐర్లాండ్‌లోని ఆర్మా దగ్గర విడదీసిన బోగీలు వాలు మీద వెనక్కి జారి, వెనక వస్తున్న రైలును ఢీకొన్నాయి. ఆ ఏడాదే బ్రిటన్ చట్టం ప్రయాణికుల లైన్ల మీద బ్లాకు పద్ధతి, ఇంటర్‌లాకింగ్, నిరంతర బ్రేకులను తప్పనిసరి చేసింది. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాఫమ్ జంక్షన్ దగ్గర 35 మంది చనిపోయారు. రీవైరింగ్ పనిలో తీసేయవలసిన పాత తీగను కత్తిరించకుండా వదిలేశారు, అది తిరిగి తగిలి సిగ్నల్ తప్పుగా చూపింది. ఆ పని చేసిన టెక్నీషియన్‌కు అంతకుముందు 13 వారాల్లో ఒక్క రోజే సెలవు దొరికింది. మరో వ్యక్తి తీగలు లెక్కపెట్టి సరిచూడవలసిన పని జరగలేదు.

ఇప్పుడు 2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వర్ దగ్గర బాహానగా బజార్‌లో జరిగిన రైలు ప్రమాదాన్ని దాని పక్కన పెట్టండి. మన జిల్లాల మీదుగా చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను సిగ్నల్ పడింది, పాయింట్లు మాత్రం లూప్‌కు ఉన్నాయి. గేటు దగ్గర సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలే దీనికి కారణమని రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తు తేల్చింది. రెండు ఘటనల మధ్య 34 ఏళ్లు, రెండు ఖండాలు. లోపం స్వభావం మాత్రం ఒక్కటే: నడుస్తున్న సర్క్యూట్‌ను మార్చినప్పుడు స్వతంత్రంగా, పూర్తిగా పరీక్షించకపోవడం. ఈ పోలిక మీరే చేసుకుని, మీ మాటల్లో రాసుకోండి.

అదే ఏడాది అక్టోబరు 29న కంటకాపల్లి–అలమండ మధ్య రెండు పాసింజర్లు ఢీకొని 14 మంది చనిపోయారు. విజయనగరంలో ఆ రాత్రి ఆసుపత్రి దగ్గర నిలబడినవారికి దీన్ని పరీక్ష ప్రశ్నగా చూడటం కష్టమే. అయినా చూడాలి. ఆటోమేటిక్ సిగ్నల్ ఎరుపులో ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ఆపైన ఎక్కడైనా ఆగగలిగేంత నెమ్మదిగా పోవాలన్నది నియమం. ఆ క్షణం నుంచి భద్రత యంత్రం చేతిలోంచి మనిషి చేతిలోకి వస్తుంది. అలాంటి చోట కవచ్ వంటి రైలు రక్షణ వ్యవస్థ ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నది మంచి వ్యాసానికి ముడిసరుకు.

వాన, తుప్పు, తుఫాను

వానాకాలంలో బాలాస్ట్ తడిసి రెండు పట్టాల మధ్య కరెంటు లీకైతే, రైలు లేకపోయినా రిలే పడిపోయి సిగ్నల్ ఎర్రగా నిలుస్తుంది. ప్రయాణికులు తిట్టుకుంటారు గాని ఇది సురక్షితమైన వైఫల్యం. అరుదుగా వాడే లూప్ లైను పట్టాలు సముద్రపు గాలికి తుప్పు పడితే అందుకు విరుద్ధం జరగవచ్చు: రైలు నిలబడి ఉన్నా చక్రాలు సర్క్యూట్‌ను సరిగా కలపక, లైను ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ రెండింటి తేడా చెప్పగలిగితే ఫెయిల్‌సేఫ్ అంటే ఏమిటో మీకు వచ్చినట్టే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా విద్యుత్తు, కేబుళ్లు పోయిన పరిస్థితుల్లో రైళ్లను కాగితపు అనుమతులతో ఎలా నడుపుతారో కూడా చదివి ఉంచుకోండి.

ఇంగ్లిషులో రాయడం, కలిసి చదవడం

జవాబులు ఇంగ్లిషులోనే రాయాలి. తెలుగు మాధ్యమంలో చదివినవారు దీనికి భయపడనక్కర్లేదు. చిన్న వాక్యాలు, పక్కన ఒక బొమ్మ, అంతే. కాని ఆలోచన ముందు తెలుగులో తేలాలి. సిగ్నలింగ్ తెలియని మీ అమ్మగారికో తమ్ముడికో ట్రాక్ సర్క్యూట్‌ను ఐదు నిమిషాల్లో చెప్పి చూడండి. వారు అడిగే మొదటి ప్రశ్న దగ్గరే మీకు తెలియనిది ఏమిటో బయటపడుతుంది. ముగ్గురు కలిస్తే చాలు, జట్టు అంతకంటే పెరిగితే చదువు తగ్గుతుంది. ఆదివారం ఉదయం జిల్లా గ్రంథాలయంలో ఒకరి జవాబును ఇంకొకరు ఎర్ర పెన్నుతో దిద్దుకునే పద్ధతి మాకు బాగా పనిచేసింది. వైరింగ్‌ను వేసినవాడే పరీక్షించకూడదన్న సూత్రం జవాబులకూ వర్తిస్తుంది.

చివరి నెలలో కొత్త పుస్తకం తెరవకండి. వారానికి రెండు పాత పత్రాలు, పూర్తి సమయం పెట్టుకుని, ఫోను పక్క గదిలో ఉంచి రాయండి. మార్కులను సమయంతో భాగించి, ఏ ప్రశ్నకు ఎన్ని నిమిషాలో ముందే కాగితం మూలన రాసుకోండి. ఆ నిమిషం దాటగానే జవాబు సగంలో ఉన్నా తర్వాతి దానికి వెళ్లాలి. పరీక్ష రోజు రెండు పెన్సిళ్లు, రబ్బరు, స్కేలు, సాధారణ క్యాలిక్యులేటరు, ముల్లున్న వాచీ దగ్గర ఉంచుకోండి. వీటిలో ఏవి అనుమతిస్తారో ప్రకటనలో వారం ముందే చూసుకుంటే, ఆ ఉదయం బజారుకు పరుగెత్తే పని ఉండదు.